గోడకు మడిచే పనిబల్ల

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళల్లో పనిముట్లకంటూ వేరే గది ఉండదు. స్కూటరు పెట్టే చోటో, వరండా మూలో దొరికితే గొప్ప. అంత జాగాలో గోడకు మడిచే బల్లే మేలు.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ పలక చాలు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో, బల్ల ఎత్తు అంత ఉండాలి. ముందుగా గోడకు అడ్డంగా ఒక చెక్క బిగించి, దానికి మడతబందులతో పలకను తగిలించండి. దాని కింద ముక్కోణపు చట్రాలు రెండు, తలుపు రెక్కల్లా తెరిచేవి, గోడకే బిగించాలి. వాటిని తెరిస్తే పలకను మోస్తాయి, మూస్తే పలక కిందికి వాలుతుంది. అడ్డచెక్క మందం చట్రం మందానికి తగ్గకూడదు. తగ్గితే పలక సరిగ్గా వాలదు, ముందుకు పొడుచుకొస్తుంది.

పాత మట్టిగోడల్లో బోల్టు పట్టు నిలవదు. అక్కడ నేల మీద రెండు నిట్టాళ్ళు నిలిపి, పైన దూలానికి కట్టి, వాటికి బిగించండి. చవగ్గా దొరికిందని పచ్చి నీలగిరి చెక్క వాడొద్దు. ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది.

వైస్ పెట్టాలనుకుంటే సరిగ్గా చట్రం మీదికి వచ్చేలా పెట్టండి. సమ్మెటతో బాదే పని మాత్రం నేల మీదే చేసుకోండి.