పాత కొలత పరికరములు – వాని బ్యాటరీలు
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పాటకచేరికిని నాటకమునకును నడుమ బ్యాటరీలను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నటులింకను ముఖములకు రంగు వేసికొనుచున్నారు గావున శ్రోతలు లేచిపోరన్న ధైర్యముతో నిలిచినాను.

మన జంషెడ్‌పురములో 1950 నవంబరు 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు జాతీయ లోహపరిశోధనశాలను ప్రారంభించినారు. లోహములను పరీక్షించు ఊరు కొలతల ఊరు గూడ. వేడిలో బరువు మోయుచు ఉక్కు మెల్లమెల్లగా సాగును. దీనినే క్రీపు అందురు. దానిని వేల గంటలు పరిశీలించి, ఫలానా బాయిలరు గొట్టమును ఇంకను ఎన్నాళ్లు నమ్మవచ్చునో నిర్ణయింతురు. అక్కడ ఉష్ణమును కొలుచునది థర్మోకపుల్. కె-రకపు థర్మోకపుల్ 540 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద 22 మిల్లీవోల్టులకు కొంచెము పైగా చూపును. డిగ్రీకి సుమారు 42 మైక్రోవోల్టులు. చదువు మీటరు నూటికి ఒకపాలు తప్పినచో ఐదు డిగ్రీలు తప్పినట్లే. గొట్టము ఆయుర్దాయము లెక్కించునప్పుడు ఐదు డిగ్రీలు అల్పవిషయము గాదు.

పూర్వపు మీటర్లలో మరలు త్రిప్పి కొలతను సరిదిద్దెడివారు. 1980 ప్రాంతమునుండి ఆ సవరణ అంకెలను లోపలి జ్ఞాపకపు చిప్పులో భద్రపరచుట మొదలైనది. కరెంటు తీసివేసినను అవి చెరగకుండ నిలుపునది ఒక చిన్న సెల్లు. హ్యూలెట్ ప్యాకార్డువారి 3478ఏ మీటరు ఇట్టిదే. మూడు వోల్టుల లిథియము సెల్లును బోర్డుకు సోల్డరు చేసి యుంచినారు. ఆ సెల్లు చచ్చినచో మీటరు వెలుగును, అంకెలు చూపును. అయితే ఆ అంకెలను నమ్మరాదు.

మన పల్లెయిండ్లలో రాత్రివేళ పిడకపై నివురు కప్పి పొయ్యిలో నిప్పు నిలిపెడివారు. ఆరిపోయినచో పొరుగింటికి పోవలెను. ఇక్కడ పొరుగిల్లనగా ఖరీదైన ప్రమాణ పరికరములు గల కాలిబ్రేషను శాల. కనుక ఉన్న నిప్పు ఆరకమునుపే క్రొత్త పిడకను అంటింపవలెను.

అంటించు విధమిది. మొదట మీటరును కంప్యూటరుకు జి.పి.ఐ.బి. తీగతో కలిపి జ్ఞాపకములోని 256 స్థానములను చదివి వ్రాసికొనవలెను. ఈ ఒక్క పని చేసినవాడు తక్కిన పనిలో నిశ్చింతగా నుండును; దీనిని విడిచినవాని చేయి వణకుట సహజమే. పిదప మెయిన్సు తీగ ఊడదీసి, రెండు సామాన్యపు టార్చి సెల్లులను వరుసగా కలిపి, ఒక డయోడు ద్వారా పాత సెల్లు కొనలకు, ధనమునకు ధనము, ఋణమునకు ఋణముగా తగిలింపవలెను. ఆ డయోడు విద్యుత్తును ఒకవైపునకే పోనిచ్చును. ఇప్పుడు పాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టవచ్చును. లిథియము సెల్లు ఒంటిపై నేరుగా సోల్డరు చేయరాదు, వేడికి పగులవచ్చును. రేకుకాళ్లతో వచ్చు సెల్లునే కొనవలెను. పని ముగిసిన పిమ్మట అంకెలను మరల చదివి మొదటి ప్రతితో పోల్చవలెను.

మరికొన్ని పరికరములలో సెల్లును చిప్పుతో కలిపి ప్లాస్టిక్కులో పోతపోసినారు. అందుండి సమాచారము చదివి క్రొత్త చిప్పునకు ఎక్కించుట మేలు. రంపముతో పోతను కోసి సెల్లు మార్చు సాహసులు గలరు. వారిని మెచ్చుకొందును గాని అనుసరింపుమని చెప్పను.

అన్నిటికంటె దుష్టమైనది నికెల్-కాడ్మియము సెల్లు. ఇది ఊరకే చావదు, చుట్టుప్రక్కలను చంపును. అందలి పొటాషు క్షారము కారి, బోర్డుమీది రాగిదారులను పచ్చగా తినివేయును. సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల నడుమనున్న మన ఊరి వానకాలపు తేమ దానికి తోడ్పడును. ఇత్తడి చెంబును చింతపండుతో తోము మన తల్లులకు పులుపు గుణము తెలియును. ఇక్కడను పులుపే మందు, కాని చింతపండు గుజ్జు పనికిరాదు. కొంచెము వినిగరుతో తుడిచి, శుద్ధజలముతో కడిగి, బాగుగా ఆరనీయవలెను. ఈ సెల్లు ఉన్నచోట లిథియము సెల్లు పెట్టదలచినవారు చార్జి చేయు దారిని తప్పక తెంపవలెను. చార్జికి తగని లిథియము సెల్లులోనికి కరెంటు పంపుట నిప్పుతో చెలగాటము. తీసిన సెల్లును చెత్తకుండీలో వేయరాదు. కాడ్మియము విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలను అనుసరించి, సేకరించువారికే అప్పగింపవలెను.

సెల్లు ఎప్పుడు మార్చవలెనని కొందరు అడిగినారు. వోల్టులు చూచి నిర్ణయింతుమన్నచో లిథియము మోసగించును. చాలకాలము మూడు వోల్టులు నిలుకడగా చూపి, చివర హఠాత్తుగా దిగజారును. వయస్సే గురుతు. మన ఊరిలో విశ్వకర్మపూజనాడు ప్రతి యంత్రమునకు బొట్టు పెట్టుదురు గదా! ఆ మరునాడు మూత విప్పి, సెల్లు మార్చిన తేదీ వ్రాసిన చీటీ లోపల ఉన్నదో లేదో చూడుడు. చీటీ లేనిచో ముందు సవరణ అంకెలు చదివి దాచుకొనుడు.