శాస్త్రశాఖలలో స్త్రీల నియామకము



మన సంఘపు వేతనముతో విజ్ఞానశాస్త్రములు చదివిన బాలికలు విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవి నందుట యింత యరుదేలయని నిన్న ఒక తల్లి మమ్మడిగినది.

నెదర్లాండ్సు దేశమున ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు దీనికి తీవ్రమైన చికిత్సనే పూనిరి. 1935లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మందిన ఇరేన్ క్యూరీ పేరిట, 2019 జూలై 1 మొదలు, స్థిరమైన అధ్యాపకపదవులను మొదటి ఆరు మాసములు స్త్రీలకే తెరచియుంచిరి. తగిన స్త్రీ దొరకనిచో పిమ్మట పురుషులకు. శాఖాభేదము నెంచక అన్నిటికి నొకే కట్టడి విధించుట చట్టవిరుద్ధమని 2020లో ఆ దేశపు మానవహక్కుల సంస్థ తేల్చెను. వారు పూనిక విడువక, స్త్రీలు మిక్కిలి తక్కువగా నున్న శాఖలకే దానిని పరిమితము చేసి సవరించుకొనిరి.

పురుషుల కన్యాయమని మేమును మొదట ననుకొంటిమి. తర్కము చదివినవారికి ఆక్షేపణ సులభముకదా! పిదప ఒక దినము జ్ఞప్తికి వచ్చినది. ఒక పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుల నెన్నుకొను సంఘమున మేముంటిమి. “వివాహమైన పిమ్మట ఉద్యోగము మానుదువా, అమ్మా?” యని ఒక యువతి నడిగితిమి. అడిగినది మేమే. తరువాత వచ్చిన ముగ్గురు యువకుల నట్లడుగలేదు. మార్కులలో ఆమెయే మిన్న. పని వేరొకరి కయ్యెను. ఆరు మాసములు తలుపు మూసిన వారి కట్టడి మాకు అన్యాయముగా తోచెను గాని, ఆనాటి మా ప్రశ్న తోచలేదు.

మన వేతనముల ఎంపికసంఘమున నేడైదుగురును పురుషులే. మేము తప్పుకొనుచున్నాము. మా స్థానమున విజ్ఞానశాస్త్రము చదివిన స్త్రీ నొకరిని నియమింపవలెనని ఈ సభ యెదుట తీర్మానము నుంచుచున్నాము.