వాహనపు ఊపు – కారణం, నివారణ

బీదర్ నుండి జహీరాబాద్ మీదుగా హైదరాబాదుకు మోటారు సైకిలుపై వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు. వేగంలో హ్యాండిల్ ఊగితే దానిని బలంగా బిగించినా, హఠాత్తుగా బ్రేకు వేసినా ఆ ఊపు హెచ్చవచ్చు. రెండు చేతులతో తేలికగా పట్టుకొని, యాక్సిలరేటర్‌ను క్రమంగా తగ్గించాలి.

మూలకారణాన్ని మాత్రం బయలుదేరక ముందే వెదకాలి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి, ఫోర్కులను ముందుకూ వెనుకకూ లాగి చూడండి. టక్కుమని కదిలితే హ్యాండిల్ బాల్ రేసులు వదులై ఉండవచ్చు. చక్రాన్ని తిప్పితే వంకర తెలుస్తుంది. టైర్లలో గాలి, చక్రాల పుల్లలు, స్వింగార్మ్ బుష్షులు కూడా పరీక్షించాలి. వెనుక మూటలు అధికమైతే ముందు చక్రంపై బరువు తగ్గి నిలకడ చెడుతుంది.

ఇందుకు పట్టేది పావుగంట. ఇంటివద్ద ఎదురుచూసేవారి కోసం దానిని వెచ్చించండి. శుభమస్తు.