ఆ అరగంట మనది

(సోలాపూర్ మరమగ్గాల కార్మికుల సభలో చేసిన ఉపన్యాసం)



కూలి గురించి, బోనస్ గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు నవ్వు గురించి మాట్లాడతాను. తేలిగ్గా తీసుకోకండి, ఇదీ మన డిమాండే.

1884లో బొంబాయి మిల్లు కూలీలు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన 5 వేలకు పైగా సంతకాలతో అర్జీ పెట్టారు. అందులో ఏమడిగారు? వారానికొక ఆదివారం, మధ్యాహ్నం ఒక అరగంట. 1890 ఏప్రిల్‌లో 10 వేల మంది సభ జరిపితే ఇద్దరు ఆడకూలీలు కూడా లేచి మాట్లాడారు. ఆ జూన్ 10న ఆదివారం సెలవు సాధించారు. యజమానుల దయతో వచ్చింది కాదది.

అలా తెచ్చిన అరగంటను మనమేం చేస్తున్నాం? నేసినదానికే కూలి గనుక సాంచ ఆపం. ఒక చేత రొట్టె, ఒక చేత కండె!

నేనూ అలాగే తిన్నాను. పక్క సాంచ అన్నతో ఆరేళ్లు సైగలతోనే మాట్లాడాను. ఒకరోజు కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన తన ఊరి పాట ఎత్తుకున్నాడు. ఆరేళ్లకు ఆయన గొంతు విన్నాను! కరెంటు వచ్చేసరికి అందరం ఆయన చుట్టూ ఉన్నాం.

కరెంటు పోయేదాకా ఎందుకు ఆగాలి? ఒకే వేళకు అందరం సాంచలు ఆపుదాం. ఒక్కడు ఆపితే యజమాని నిలదీస్తాడు. అందరం ఆపితే అది విరామం. డబ్బాలు ఒకచోట విప్పుదాం. రోజుకొకరు పాటో, కథో చెప్పాలి. ఆ అరగంట నేత కూలిని రేటులో కలపమని అడగడం సంఘం బాధ్యత.

రెండు కట్టుబాట్లు. తిరిగే బెల్టు దగ్గర వేళాకోళం వద్దు, వేళ్లు పోతాయి. కులం మీద, ఆడవాళ్ల మీద పరిహాసం వద్దు. పక్కవాణ్ణి ఏడిపించేది నవ్వు కాదు.

షిఫ్టు దిగి తాగేదీ సరదాయే కదా అంటారు కొందరు. ఆ సరదాకు ఇంట్లో ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో మీకు తెలుసు. ఇంట్లో బీడీలు చుట్టే మన ఆడవాళ్లకు ఆదివారమూ సెలవు లేదు. ఆ పూట వంట మనం చేద్దాం, వాళ్లనూ కాసేపు కూర్చోనిద్దాం.

మార్కండేయ రథం నాడు వీధంతా ఆడతాం, బతుకమ్మ నాడు వాడంతా పాడుతుంది. ఆ సంతోషంలో పిడికెడైనా ప్రతిరోజూ మనకు దక్కాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!