సెలవుల్లో ఫారం స్టే: మొదటిసారి వెళ్ళే కుటుంబాలకు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే బెంగుళూరులో మా బడి స్టాఫ్ రూములో ఒకటే మాట. ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఊటీ అయిపోయింది, మైసూరు అయిపోయింది. ఆ జాబితాలోకి ఇప్పుడు మరో మాట వచ్చి చేరింది. అదే ఫారం స్టే. అంటే ఒక రైతు ఇంట్లోనో, తోటలోనో డబ్బు చెల్లించి రెండు మూడు రోజులు ఉండి, వాళ్ళు తినేదే తిని, వాళ్ళు చేసే పని చూసి, చేతనైతే ఒక చెయ్యి వేసి రావడం.

ఈ మాట వింటే మన సరిహద్దు ఊళ్ళ శ్రోతలకు నవ్వు రావచ్చు. హిందూపురంలోనో, పలమనేరులోనో, బాగేపల్లిలోనో, శ్రీనివాసపురంలోనో వింటున్నవారు, "దానికి డబ్బెందుకు? మా ఇంటికి రండి, ఊరికే పేడ ఎత్తిస్తాం" అనవచ్చు. నిజమే. కాని బెంగుళూరులో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి ఈనాడు సెలవులకు వెళ్ళడానికి ఊరు లేదు. తాత కాలం చేశారు, భూమి పంచుకున్నారు, ఇంటికి తాళం పడింది. అలాంటి కుటుంబాలలో మాదీ ఒకటి.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. అమెరికాలో పశువుల మేపుడు భూములను రాంచ్‌లు అంటారు. అక్కడి డకోటా ప్రాంతంలో ఈటన్ అన్నదమ్ములకు అలాంటి రాంచ్ ఒకటి ఉండేది. తూర్పు నగరాల నుంచి స్నేహితులు వచ్చి నెలల తరబడి ఉండిపోతుంటే, 1882లో వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. 1904లో వయోమింగ్‌కు మారి అక్కడ కూడా అదే పని కొనసాగించారు. గుర్రం ఎక్కడం తెలియని నగరవాసిని అక్కడివాళ్ళు 'డూడ్' అనేవారు. మన భాషలో పట్నం బాబు అనుకోండి. ఆ విధంగా వాటికి డూడ్ రాంచ్ అనే పేరు స్థిరపడింది. 1926 నాటికి వాటిని నడిపేవారంతా కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. పశువుల వ్యాపారం ఒడుదొడుకుల్లో ఉన్నప్పుడు అతిథుల డబ్బు ఎన్నో రాంచ్‌లను నిలబెట్టింది. మన దేశంలో మహారాష్ట్రలోని బారామతి ప్రాంత రైతులు ఇటువంటి ప్రయత్నం చేశారు. 2020లో ఆ రాష్ట్రం వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. కాఫీ తోటల కొడగులో హోం స్టేల సంగతి మీకు తెలిసిందే.

ఇక మా అనుభవం చెబుతాను. మే నెలలో మేము, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కలిసి కోలారు వైపు ఒక రైతు కుటుంబం దగ్గరికి వెళ్ళాం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడే కుటుంబం. మూడెకరాల మామిడి, ఎకరం మల్బరీ, నాలుగు ఆవులు, ఒక బోరు.

మొదటిసారి వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసింది, అక్కడ పొద్దు మన చేతిలో ఉండదు. పొద్దు పశువులది. తెల్లవారి ఐదున్నరకే పాలు పితకడం మొదలవుతుంది. డైరీలో పాలు పోయించుకునే వేళ దాటితే ఆ పూట పాలు ఇంట్లోనే మిగిలిపోతాయి. పిల్లలు చూడాలంటే ఆ వేళకే లేవాలి. చూసేటప్పుడు దూరంగా, నిశ్శబ్దంగా నిలబడాలి. కొత్త మనుషులు గుంపుగా చుట్టూ చేరితే ఆవు బెదిరి పాలు చేపదు. మన సరదా వల్ల వాళ్ళకు రెండు లీటర్లు తగ్గుతాయన్నమాట. ఇంకొక మాట. పొదుగు నుంచి నేరుగా పచ్చిపాలు తాగించమని పిల్లలు అడుగుతారు. వద్దు. కాచి తాగించండి. పచ్చిపాల ద్వారా మనుషులకు సోకే జబ్బులున్నాయి.

రెండోది పట్టుపురుగుల షెడ్డు. అక్కడ గుమ్మం దగ్గరే కాళ్ళు చేతులు కడుక్కోమంటారు, సున్నం, బ్లీచింగ్ పొడి తొక్కి రమ్మంటారు. అది ఆచారం కాదు, అవసరం. బయటి నుంచి రోగం వస్తే పంటంతా పోతుంది. పొగాకు వాసన కూడా ఆ పురుగుకు విషమే. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ దశను రైతులు 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం దాటిన తరువాత దాని ఆకలి చూడాలి. జీవితం మొత్తంలో తినే ఆకులో 80 శాతం దాకా ఆ చివరి వారంలోనే తింటుంది. వేలాది పురుగులు ఒక్కసారిగా ఆకు నములుతుంటే రేకుల మీద సన్నని వాన పడుతున్నట్లు వినిపిస్తుంది. మా అమ్మాయి పద్నాలుగేళ్ళది, ఫోను చేతిలో లేకుండా అరగంట నిలబడడం నేను చూసింది అక్కడే.

భోజనం విషయం. రాగి సంగటి నమలకుండా మింగాలని మా అబ్బాయికి నేర్పింది మా అత్తగారు. వేసవిలో వెళ్తే మామిడి, డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే అనపకాయల పితికిపప్పు. కాలానికి పండినదే కంచంలోకి వస్తుంది. ముందే చెబితే కారం తగ్గిస్తారు. కాని ఒక పూటకు నాలుగు రకాల టిఫిన్లు అడగడం భావ్యం కాదు. వంట చేసే ఆ తల్లే పొలానికి కూడా వెళ్ళాలి.

ఇప్పుడు మావల్ల జరిగిన పొరపాటు చెప్పాలి. రెండో రోజు మధ్యాహ్నం మా పదేళ్ళ అబ్బాయి చేతులు కడుక్కుని కొళాయి సరిగ్గా కట్టకుండా మామిడి తోటలోకి పరుగెత్తాడు. మేము చూసుకోలేదు. సాయంత్రానికి మిద్దె మీది ట్యాంకు ఖాళీ. మోటారుకు కావలసిన మూడు ఫేజుల కరెంటు రోజంతా ఉండదు, వంతుల ప్రకారం కొన్ని గంటలే వస్తుంది. ఆ రోజు రాత్రి పదికి రావాలి. ఎండాకాలంలో పాలిచ్చే సంకరజాతి ఆవు ఒక్కొక్కటి రోజుకు 50, 60 లీటర్ల నీళ్ళయినా తాగుతుంది. తొట్టి దగ్గర నాలుగు ఆవులూ అరుస్తున్నాయి.

ఆ ఇంటి ఇల్లాలు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పోనీండి టీచరమ్మా, పిల్లోడు తెలీక చేసినాడు" అని రెండు బిందెలు తీసుకుని పక్క తోటవాళ్ళ దగ్గరికి నడిచింది. మా ఆయన, నేను, అమ్మాయి కూడా బిందెలు పట్టుకున్నాం. అబ్బాయి ఒక చిన్న బకెట్టుతో ఎనిమిదిసార్లు తిరిగాడు. ఎవరూ వాణ్ణి మందలించవలసిన అవసరం రాలేదు.

కోలారుకు ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటి వేసినా నీళ్ళు పడని చోట్లున్నాయి. 2018 నుంచి బెంగుళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. భూగర్భజలం పెరగడానికని ఆ పథకం. ఆ శుద్ధి చాలదని వాదించేవారూ ఉన్నారు. ఏమైనా, మనం వాడి వదిలేసిన నీళ్ళు వాళ్ళ చెరువులకు చేరుతున్నాయి. అదే మనం అతిథులుగా వెళ్ళి వాళ్ళ మంచినీళ్ళు పారబోసి వచ్చాం. ఈ సంగతి ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అందువల్ల మొదటిసారి వెళ్ళే కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. మీరు ఇచ్చే డబ్బు గదికి, భోజనానికి సరిపోతుంది. నీళ్ళు, వేళ, వాళ్ళ పని మాత్రం మనం కొనుక్కున్నవి కావు. హోటలుకు వెళ్తున్నామనుకుంటే అడుగడుగునా లోపమే కనిపిస్తుంది. బంధువుల ఇంటికి వెళ్తున్నామనుకుంటే మన నడవడి దానంతట అదే సర్దుకుంటుంది.

మరికొన్ని జాగ్రత్తలు. వెళ్ళే ముందు ఫోను చేసి అడగండి. మీరు నిజంగా అక్కడే వ్యవసాయం చేస్తున్నారా? నీళ్ళ వసతి ఎలా ఉంది? మరుగుదొడ్డి ఎక్కడ? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? ఫారం స్టే అనే బోర్డు పెట్టి ఈతకొలను, పెద్ద సౌండు పెట్టె చూపించేవీ ఉన్నాయి. వాటికి వెళ్ళడం తప్పు కాదు గాని, అవి వేరు, ఇది వేరు.

అన్నిటికన్నా ముఖ్యం పొలంలోని నీటి కుంటలు. కన్నడంలో కృషి హొండ అంటారు. వాటికి ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. తడిస్తే అది నూనె రాసిన గచ్చులా జారుతుంది. లోపల పడినవాడు, ఈత వచ్చినా, గట్టు పట్టుకుని పైకి రావడం కష్టం. కుంటకు కంచె ఉందా అని అడగండి. ఉన్నా పిల్లల్ని ఒంటరిగా ఆ వైపు పంపకండి. పశువు వెనుక నుంచి వెళ్ళకూడదు, దూడ దగ్గర ఉన్న తల్లిని తాకకూడదు. చీకటి పడితే టార్చి, బూట్లు తప్పనిసరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగూ మన ప్రాంతంలో ఉన్నవే. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయండి. కర్ణాటకలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా అదే నెంబరు.

చివరగా రైతు శ్రోతలకు ఒక మాట. మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉండి, ఇలా అతిథుల్ని పెట్టుకోవాలని అనుకుంటే, పాలరాయి వేయించనక్కరలేదు. శుభ్రమైన మరుగుదొడ్డి, కుంట చుట్టూ కంచె, రోజుకు మనిషికి ఇన్ని బకెట్లు అని ముందే చెప్పే ధైర్యం, ఈ మూడూ ఉంటే చాలు. మొహమాటపడి చెప్పకపోతే నష్టం మీ ఆవులకే. ఆ ఇల్లాలు మొదటి రోజే మాకు నీళ్ళ సంగతి చెప్పి ఉంటే మేము మరింత జాగ్రత్త పడేవాళ్ళం. పట్నం బాబుకు తెలియదు. చెబితే తెలుసుకుంటాడు.

బయలుదేరే రోజు ఆమె మా సంచిలో డజను మామిడికాయలు వేసింది. బెంగుళూరా కాయలు. పేరు మా నగరానిది, పంట వాళ్ళది. ఇంటికి వచ్చిన తరువాత మా అబ్బాయి రోజూ పడుకోబోయే ముందు వంటింట్లో, స్నానాలగదిలో కొళాయిలు ఒకసారి తిప్పి చూసి వస్తున్నాడు. ఎందుకురా అంటే, "ఆవులకమ్మా" అంటాడు. ఎన్నాళ్ళు గుర్తుంటుందో చెప్పలేను. గుర్తున్నన్నాళ్ళూ మంచిదే.