ఇంటికి రంగులు



రిటైరైన ఏడాది ఇంటికి రంగులు వేయించాను. షేడ్ కార్డు చూసి ముచ్చటపడి హాలుకు ముదురు ఆకుపచ్చ, మెట్లకూ గచ్చుకూ ఒకే రెడ్ ఆక్సైడ్ ఎంచాను. "చీకటిగా ఉంటుందేమోనండీ" అంది మా ఆవిడ. నేను వినలేదు. నెల తిరక్కుండానే చివరి మెట్టు ఆనక పడింది; మణికట్టు విరిగింది.

వయసు మళ్ళిన కంటికి వెలుతురు ఎక్కువ కావాలని అప్పుడు తెలిసింది. లోపల గోడలకు మీగడ రంగు, మెట్ల అంచులకు పసుపు పట్టీ వేయించాను. బయట దుమ్ము కనబడని గంధం రంగు, డాబాపైన సున్నం. ఎండ వేడి తగ్గింది.

మీరు ముందుగా గోడమీద రెండడుగుల మేర వేయించి, పగలూ రాత్రీ చూడండి. ఇంట్లోవారి మాట వినండి. సెలవు.