చెవితో మొదలైన తెలుగు

 

బరంపురంలో పెరుగుతున్న మా మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నా బీరువాలోని పుస్తకాలు ఆమెకు తాళం వేసిన లాకర్లే. (బ్యాంకు గుమస్తాను కదా, పోలికలూ అలాగే వస్తాయి.) నిరుడు ఫోనులో ‘హర్షణీయం’ పాడ్‌కాస్టు పెట్టాను. అందులో కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడతారు. ఒక కథ నచ్చితే ఆ రచయిత పేరు పట్టుకుని ఇంకొకటి వెతుకుతాం. కొత్తవి మాకు అలాగే దొరికాయి. పది నిమిషాల్లో మనసు పట్టకపోతే మానేస్తాం.

ఇంగ్లీషుకు 2005లో మొదలైన లిబ్రివాక్స్ ఉంది. స్వచ్ఛందంగా చదివిన పాత పుస్తకాలు, అన్నీ ఉచితం. అందరూ బాగా చదవరు, గొంతు చూసుకుని ఎంచుకోండి.

తల్లిదండ్రులారా, ఇయర్‌ఫోన్లు వద్దు. వంటింట్లో అందరికీ వినబడేలా పెట్టండి, తెలియని మాటను పిల్లలు అక్కడే అడుగుతారు.

మొన్న కథ మధ్యలో నెట్ ఆగిపోయింది. “తాతయ్యా, ఈ పుస్తకం మన బీరువాలో ఉందా?” అంది. ఉంది. ఇప్పుడు క గుణింతం దిద్దుతోంది.